మూడు చంద్రుల నోటుబుక్కులో నా వంతు

నేను నా వంతు చదివిన ఆ ఆదివారం ఇంట్లో ఏడుగురం ఉన్నాం. ఉమాకాంత్ మామయ్య, పద్మత్తమ్మ, వాళ్ళ కూతురు సంయుక్త, కొడుకు అఖిల్, అఖిల్‌కు లెక్కలు చెప్పడానికి అశోక్ నగర్ హాస్టల్ నుంచి వచ్చే రాజశేఖరన్న, నేను, రోజా. డైరీలో మొదట ఆరుగురం అని రాశాను. తర్వాత చదువుకున్నప్పుడు తప్పు తెలిసి ఆరును ఏడు చేశాను. రోజాను లెక్కపెట్టడం మరిచిపోయాను.

మామయ్య మా అమ్మకు అన్న. నేను మెదక్ జిల్లాలో మా ఊరి బడిలో పదో తరగతి దాకా చదివి, తొంభై ఆరు జూన్‌లో నారాయణగూడలోని ఒక ఆడపిల్లల కాలేజీలో ఇంటర్‌లో చేరాను. ఉండటం చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో మామయ్య ఇంట్లో. నలుగురిలో నాకు నోరు లేవదు. కాలేజీలో హాజరు పలకడానికి కూడా లెక్చరర్ నన్ను రెండుసార్లు పిలవాల్సి వచ్చేది.

"స్వరూప ఎమర్జెన్సీ లైటు," అని అఖిల్ ఏడిపించేవాడు. "పొద్దంత డైరీకి పెట్టి చార్జింగ్ చేస్తే రెండు మాటలు వెలుగుతది."

నోటుబుక్కు సంగతి మొదలైంది కూడా అఖిల్ వల్లనే. ఆగస్టులో వాడికి పచ్చకామెర్లు వచ్చి నెల రోజులు మంచం మీద ఉన్నాడు. వాడికి పొద్దు పోవడానికి సంయుక్త రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు కొని, అందరం కలిసి ఒకే కథ రాద్దామంది. మూడు చంద్రులున్న ఒక లోకం కథ. వారానికొకరి వంతు, వంతుకు నాలుగు పేజీలు. డిగ్రీ రెండో ఏడు చదివే సంయుక్తకు ఏ పనికైనా రూళ్ళు ఉండాలి. మొదటి పేజీలో తనే గుండ్రటి అక్షరాలతో రాసింది. రాసింది కొట్టివేయకూడదు. పేజీ చింపకూడదు. ముందువాళ్ళు రాసినదాన్ని అబద్ధం చేయకూడదు. ఆదివారం నాలుగు గంటలకు, రాసినవాళ్ళే పైకి చదవాలి.

ఆ చివరి రూలు చూసి నేను మొదట నా పేరు తీసేయమన్నాను. "తీసేయడం రూళ్ళలో లేదు," అంది సంయుక్త.

ఆ లోకంలో గాజు మేడలు ఉంటాయి. మేడల్లో నుదుట మూడో కన్ను ఉన్న మనుషులుంటారు. వాళ్ళను మేడవాళ్ళు అన్నాం. రెండో వారం అఖిల్ యుద్ధం పెట్టాడు. మేడవాళ్ళ నిప్పు ఆయుధాలు మోయడానికి ఎవరో కావాలి కదా. అందుకని బూడిదరంగు చర్మంతో, ఎప్పుడూ వెనకాలే నడిచే మరో జాతిని తెచ్చాడు. వాళ్ళ పేరు నీడలు. వాళ్ళను కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, పెళ్ళిలో ఇచ్చుకోవచ్చు.

తన వంతు వచ్చినప్పుడు సంయుక్త నీడలకు పాటలు ఇచ్చింది. పని చేస్తూ నీడలు పాడతారు. ఒక దయగల మేడ దొర తన నీడలందరినీ విడిచిపెడతాడు. వాళ్ళు మూడు రోజులు మేడ చుట్టూ తిరిగి ఏడ్చి, నాలుగో రోజు తామే లోపలికి వచ్చి పనిలో పడతారు. సంయుక్త బాగా చదువుతుంది. నీడలు ఏడ్చే చోట అత్తమ్మ కూడా కళ్ళు ఒత్తుకుంది.

నాకు మాత్రం అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టయింది. అందరూ బాగుంది బాగుంది అంటుంటే మెల్లగా అడిగాను.

"వాళ్ళకు పోవడానికి ఎక్కడన్నా ఊరు ఉందా?"

"ఎవలకు?" అంది సంయుక్త.

"నీడలకు. పొమ్మంటే ఎక్కడికి పోవాలె?"

"లైటు వెలిగింది," అన్నాడు అఖిల్.

రాజశేఖరన్న మాత్రం నవ్వలేదు. ఆయనది వరంగల్ దిక్కు పల్లె. గ్రూప్ టూ పరీక్షకు చదువుతూ పొద్దంతా లైబ్రరీలో కూర్చుంటాడు. దేనికైనా రెండు వైపులా చెప్పగలడు. "మంచిగడిగినవ్ చెల్లే," అన్నాడు. "గని ఒకటి చూడు. అది మన భూమి కాదు. వాళ్ళ న్యాయం వాళ్ళది. మన కొలత కర్ర పట్టుకపోయి వాళ్ళను కొలిస్తే ఎట్ల? తెల్లోళ్ళు మన దేశానికొచ్చి గట్లనే రాసిండ్రు గదా, వీళ్ళకు తెలివి లేదు, వీళ్ళ పద్ధతులు జంతువుల పద్ధతులని. నీడలకు గది బాధ అనిపియ్యకపోవచ్చు."

"అదే నేను చెప్తున్న," అంది సంయుక్త. "వాళ్ళ కల్చర్ అది."

ఆయన మాటలో నిజం ఉందనిపించింది. వంటింటి గుమ్మం దగ్గర రోజా అప్పటికే ఖాళీ గ్లాసులు ఏరుకుంటోంది. బాధ అనిపిస్తుందో లేదో ఎవరిని అడిగి రాశారు అన్న మాట నాకు తట్టింది, కానీ అందరూ లేచి వెళ్ళిపోయాక. దాన్ని డైరీలో రాసుకున్నాను.

జ్వరమనీ పరీక్షలనీ వాయిదా వేసుకుంటూ వచ్చిన నా వంతు డిసెంబరు మొదటి వారంలో ఇక తప్పలేదు. సంయుక్త రాసినదాన్ని అబద్ధం చేయకూడదు. విడిచిపెడితే నీడలు తిరిగి వచ్చారు, అది ఉండాల్సిందే. కానీ తిరిగి రాని నీడ ఒకటి ఉండొచ్చు కదా అనుకున్నాను. అలాంటి మనిషి కోసం వెతికితే మొదట మాసయ్య గుర్తొచ్చాడు.

మాసయ్య మా ఇంట్లో జీతం ఉండేవాడు. మా ఊళ్ళో జీతం ఉండటమంటే నెలకింతని పనిచేయడం కాదు. ఎప్పుడో వాళ్ళ నాన్న తీసుకున్న వడ్లకు కొడుకు పొద్దూ రాత్రీ ఇంటి మనిషై పడి ఉండటం. మాసయ్య తినే చిప్ప గొడ్లకొట్టం చూరులో చెక్కి ఉండేది. అమ్మ అందులోకి పైనుంచి అన్నం వేసేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక రోజు మాసయ్య పొలం నుంచి ఇంటికి రాలేదు. నాన్న ఇంకో ఇద్దరిని తీసుకుని బస్టాండుకు పోయి వెంటబెట్టుకొచ్చాడు. నేను అరుగు మీద కూర్చుని పాఠం చదువుకుంటున్నాను. నా ముందు నుంచి పోతూ మాసయ్య, చదువు ఆపకు బిడ్డా అన్నట్టు చెయ్యి ఊపాడు. దవడ వాచి ఉంది.

ఇది రాద్దామని రఫ్ కాగితం మీద రెండు వాక్యాలు రాశాను. గాజు మేడ దొరకు మూడో కన్ను పెట్టాను. ఎంత పెట్టినా కింద నాన్న ముఖమే ఉంది. ఆదివారం నాలుగు గంటలకు మామయ్య ముందు, నాన్నకు బావ అయిన మనిషి ముందు, నేనే పైకి చదవాలి. ఆ కాగితం చింపేశాను.

తర్వాత రోజాను రాశాను.

రోజా నాకంటే ఒక ఏడాది పెద్దదే అయినా నన్ను స్వరూపక్కా అనేది. ఆ ఇంట్లో తనకంటే చిన్నవాడైన అఖిల్ కూడా తనకు అఖిలన్నే. తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ చిన్నాయన తెచ్చి దింపిపోయాడట. అప్పటినుంచి ఏడేళ్ళుగా ఊరికి పోలేదు. బతుకమ్మ వచ్చినప్పుడల్లా అత్తమ్మ, "వచ్చే ఏడు పోదువు గని," అంటుంది. రోజా జీతం చిన్నాయన వచ్చి తీసుకుపోతాడు. అత్తమ్మ కొట్టదు, తిట్టదు. పాత లంగాలు కాదు, కొత్తవే కుట్టిస్తుంది. మెట్ల కింద చిన్న గది ఇచ్చింది. బియ్యం బస్తాలు, పాత కుర్చీలు, రోజా చాప అందులోనే. ఆ గదికి లోపల గొళ్ళెం ఉంది. ఇంట్లో గొళ్ళెం పెట్టుకునే గది నాకు లేదు కాబట్టి, మధ్యాహ్నాలు అక్కడ కూర్చుని డైరీ రాసుకునేదాన్ని. రోజా బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతూ ఉండేది.

ఒక మధ్యాహ్నం నా డైరీ చూపిస్తూ అడిగింది. "గండ్ల నా పేరు రాసినవా?"

"రాసిన. రోజా అని రెండక్షరాలే."

"గది నా పేరు గాదు."

తన పేరు పద్మ. వచ్చిన రోజునే అత్తమ్మ, ఒక ఇంట్లో ఇద్దరు పద్మలుంటే ఆయన పిలిచినప్పుడు ఎవరు పలకాలి అని నవ్వి, రోజా అని పెట్టింది. గుమ్మంలో అప్పుడు గులాబీ చెట్టు పూసి ఉందట. ఆ చెట్టు ఎప్పుడో ఎండిపోయింది. "పొద్దుగాల పాల బూతుకు పోతప్పుడు నేనే నన్ను పిలుసుకుంట," అంది రోజా. "పద్మా, జల్ది నడువు అని. లేకుంటే మరిచిపోత అని భయం."

ఆ రోజే నేను మాసయ్య గురించి తనకు చెప్పాను. ఎవరికీ చెప్పనిది. తను విని, "ఇప్పుడేడున్నడు?" అని మాత్రం అడిగింది. మా ఇంట్లోనే ఉన్నాడన్నాను. మళ్ళీ బియ్యంలో తల పెట్టుకుంది.

దసరా పోయాక రోజా నాతో ఒక కార్డు రాయించుకుంది. వాళ్ళక్క బోధన్ దగ్గర బీడీలు చుడుతుంది. పెళ్ళయింది, ఒక ఆడపిల్ల. నన్ను తీసుకుపో అని కార్డు. జవాబు నా పేరు మీద కాలేజీకి తెప్పించాను. వాళ్ళక్క ఎవరితోనో రాయించింది. డిసెంబరు రెండో గురువారం తెల్లారేసరికి మీ పాల బూతు దగ్గర ఉంటా, పిల్లను ఎత్తుకొస్తా, ఆకుపచ్చ చీర కట్టుకుంటా, చిన్నాయనకు చెప్పకు. నేను నాలుగుసార్లు చదివి వినిపించాను. ఐదోసారి రోజా కళ్ళు మూసుకుని తనే చెప్పింది, ఒక్క మాట పొల్లు పోకుండా.

నేను రాసిన నాలుగు పేజీల్లో పాల బూతు లేదు. మూడో చంద్రుడు కుంకే వేళకు నీడ పిల్ల తెల్లని బావికి నీళ్ళకు పోతుంది. బోధన్ లేదు, నల్ల కొండల అవతలి ఊరు. పోస్టు కార్డు లేదు, మేడలో చుట్టంగా ఉన్న ఒక పిల్ల ఆకు మీద గీసి ఇచ్చిన గుర్తులు. మేడ దొరసాని పేరూ నీడ పిల్ల పేరూ ఒకటే. దొరసాని ఆ పేరును నీడ పిల్ల దగ్గర్నుంచి తీసుకుని పెట్టెలో పెట్టేస్తుంది. పిల్ల రోజూ బావిలోకి వంగి తన పేరు తనే పిలుచుకుంటుంది. నాలుగో రోజున బావి దగ్గరికి అక్క వస్తుంది, చంకలో బిడ్డతో.

వేరే లోకం కదా అనుకున్నాను. మూడు చంద్రులు, గాజు గోడలు, బూడిద చర్మం. ఇంత అడ్డం పెడితే అవతలి మనిషి కనపడదనుకున్నాను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ పేజీలు రాసేటప్పుడు నా చెయ్యి ఎక్కడా ఆగలేదు. రోజా సంగతి రాస్తున్నానని కాదు, నేను రాయగలుగుతున్నానని సంతోషపడ్డాను.

ఆదివారం నాలుగు గంటలకు అందరూ ముందు గదిలో కూర్చున్నారు. మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. నేను తల ఎత్తకుండా చదివాను. మొదటి పేజీ తొందరతొందరగా అయిపోయింది. రెండో పేజీ నుంచి మాట మాటకూ ఆగి చదివాను. పేరును పెట్టెలో పెట్టే చోటికి వచ్చేసరికి చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. అది కథలో మునిగిపోవడం అనుకున్నాను. ఇంకా బాగా చదివాను.

రోజా చాయ్ తెచ్చింది. బావి దగ్గర పిల్ల తన పేరు పిలుచుకునే వాక్యం చదువుతూ ఉండగా ట్రే నా పక్కకు వచ్చింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. నేను గ్లాసు తీసుకుని చదవడం సాగించాను.

అయిపోయాక రాజశేఖరన్న గ్లాసు కింద పెట్టాడు. "చెల్లే, నేను ఆ రోజు చెప్పిందానికి నువ్వు జవాబు రాసినవ్," అన్నాడు. "నేను ఒప్పుకుంటున్న. గిట్లుంటది మరి."

"అక్క వచ్చినంక పిల్ల పోయిందా?" అంది సంయుక్త. "అక్కడ ఆపేసినవేంది?"

"పేజీలు అయిపోయినయ్."

"మనింట్ల లెక్కనే ఉన్నది," అన్నాడు అఖిల్, చాయ్‌లో బిస్కెట్ ముంచుతూ. "అమ్మా, రోజా పేరు గూడ నువ్వు గట్లనే మార్చినవ్ గద. పెట్టెల పెట్టినవా, బీరువాలనా?"

అందరూ నవ్వారు. అత్తమ్మ కూడా నవ్వింది. మామయ్య నవ్వుతూ వంటింటి వైపు చూసి, "ఏమే నీడా, ఇంకొంచెం చక్కెర తే," అన్నాడు. వంటింటి గుమ్మంలో రోజా లేదు. చక్కెర డబ్బా నేనే లేచి తెచ్చాను.

రాజశేఖరన్న వెళ్ళాక అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆమె ముఖంలో కోపం లేదు. చిక్కుడుకాయలు కడుగుతూ మామూలుగా అడిగింది.

"కార్డు ఎప్పుడు రాసినవ్ బిడ్డా?"

నేను గట్టు మీది గ్లాసులు సర్దబోయాను.

"వాళ్ళక్కకేనా?"

నేను నేల చూశాను.

"నాలుగో రోజని రాసినవ్. ఇయ్యాల ఐతారం. అంటే బేస్తారం."

గురువారమే. నా నోరు లేవలేదు. లేవకపోవడం కూడా జవాబేనని అప్పుడు తెలిసింది. అత్తమ్మ చేతులు తుడుచుకుని నా తల నిమిరింది. "నువ్వు రాసుడే మంచిదైంది," అంది. "లేకుంటే మాకెట్ల తెలుస్తుండె?"

సోమవారం పొద్దున అఖిల్ మూల్గుతూ పాల బూతుకు పోయాడు. "చలికాలం, చీకటి తెల్వారదు, ఆడపిల్ల ఒక్కతే ఎందుకు," అంది అత్తమ్మ, ఏడేళ్ళ చలికాలాల తర్వాత. గేటు తాళంచెవి వంటింటి మేకు నుంచి ఆమె నడుముకు మారింది. పక్క సందులో కొత్తిమీరకు కూడా సంయుక్తనే పంపింది. మామయ్య, రోజా వాళ్ళ చిన్నాయన ఊళ్ళో కిరాణా షాపుకు ఫోన్ చేసి కబురు పెట్టించాడు.

మామయ్య నన్ను కూర్చోబెట్టి నచ్చజెప్పాడు కూడా. "ఆ పిల్లను మాకు అప్పజెప్పిన మనిషి ఒకడున్నడు. ఎవరో అక్క అని వచ్చి తోలుకపోతే, రేపు పిల్లకు ఏమన్న అయితే జవాబు ఎవలు చెప్పాలె? మేమేం కట్టేసినమా? చెప్పి పోతనంటే మీ అత్తమ్మ వద్దంటదా?"

అత్తమ్మ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. "కన్నబిడ్డ లెక్క చూసుకున్న," అంది. "గింత మాట నాకు చెప్పకపాయె." ఏడు బతుకమ్మలు అడిగింది కదా అత్తమ్మా అనాలి నేను. అనలేదు.

వాళ్ళక్కకు కార్డు రాస్తే మూడు రోజులకు గానీ చేరదు. ఆలోగా ఆమె బయలుదేరి ఉంటుంది. నాకు తోచింది ఒక్కటే, ఆ పేజీలు లేకుండా చేయడం. అవి లేకపోతే ఏదో ఒకటి వెనక్కు పోతుందనిపించింది. సంయుక్త దగ్గరికి పోయి నోటుబుక్కు అడిగాను.

"చింపొద్దు. రూలు," అంది.

"సంయుక్తా, అది రోజా సంగతి."

"తెలుసు. అందరికీ తెలుసు." తను దువ్వెన పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వే గద అన్నవ్, ఎవలిని అడిగి రాసిన్రని. నీ డైరీ మంచం మీద తెరిచి ఉంటే చూసిన. మరి నువ్వడిగినవా దాన్ని?"

నోటుబుక్కు కోసం చాచిన చెయ్యి వెనక్కు తీసుకున్నాను.

"అయినా ఇప్పుడు ఆ పిల్ల నీది కాదు," అంది. "నోటుబుక్కుల వేసినంక అందరిది. ఈ వారం నా వంతు."

బుధవారానికే తను రాసేసింది. ఆదివారం దాకా ఆగలేక నాకు ముందే చూపించింది. బావి దగ్గరికి వచ్చినది అక్క కాదు, అక్క రూపంలో ఉన్న నల్ల కొండల రాక్షసి. నీడ పిల్ల భయపడి మేడకు పరుగెత్తి వస్తుంది. దొరసాని తలుపు తీసి, కన్నీళ్ళతో పెట్టె తెరిచి, ఇదిగో నీ పేరు తీసుకో అంటుంది. నీడ పిల్ల, వద్దమ్మా, మీ దగ్గరే ఉండనీయండి అంటుంది.

"అమ్మకు చదివి వినిపించిన," అంది సంయుక్త. "మస్తు నచ్చింది."

చాలా బాగా రాసింది. అందులో ఒక్క రూలు కూడా తప్పలేదు. నేను రాసిన దేన్నీ అబద్ధం చేయలేదు.

గురువారం పొద్దున ఐదున్నరకు లేచి, అఖిల్ సంచీ, పాల కార్డు నేనే తీసుకుని బయలుదేరాను. అత్తమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. గేటు ఆమె వెనక ఉంది.

"నువ్వెందుకు బిడ్డా చలిల? పోయి చదువుకో."

"అఖిల్ నిద్రపోతున్నడు."

"లేస్తడు. సంచి అక్కడ పెట్టు."

సంచీ అక్కడ పెట్టాను. పెట్టకుండా నడవొచ్చు. ఆమె నన్ను కొట్టేది కాదు, చెయ్యి పట్టుకునేది కూడా కాదేమో. నెల తిరక్కుండా అమ్మకు ఉత్తరం పోయేది, చదువు మాన్పించి ఊరికి తీసుకుపోండని. ఆ ఆలోచన ఒక్క క్షణమే వచ్చింది. ఆ క్షణంలోనే సంచీ నేల మీద ఉంది.

మిద్దె మీదికి పోయాను. అక్కడి నుంచి సందు చివర పాల బూతు కనిపిస్తుంది. క్యూ పక్కన, ఆకుపచ్చ చీరలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చంకలో ఎర్ర ఉన్ని టోపీ పెట్టిన పిల్ల. బూతు దగ్గరికి ఆడపిల్ల ఎవరు వచ్చినా ఆమె రెండడుగులు ముందుకు వేసి, ముఖం చూసి, మళ్ళీ వెనక్కు వచ్చేది. తొమ్మిదేళ్ళప్పుడు చూసిన చెల్లెలు ఇప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. అఖిల్ పోయి పాలు తెచ్చుకున్నాడు, ఆమె పక్క నుంచే. పిల్లను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంటూ, ఏడున్నరకు బూతు మూసే దాకా ఆమె అక్కడే ఉంది.

నేను అరిస్తే వినిపించేది. సందు అంత చిన్నది.

కాలేజీకని గేటు దాటాక పరుగెత్తాను. బూతు అతను క్రేట్లు సర్దుతున్నాడు. "పిల్లతల్లా? నారాయణగూడ దిక్కు పోయింది," అన్నాడు. "రోజా అనే పిల్ల ఈడికి వస్తదా అనడగలే. పద్మ ఏది, పద్మ ఏది అని అడిగింది. నాకు పద్మ ఎవలో ఏమెర్క?"

నారాయణగూడ చౌరస్తా దాకా చూశాను. బస్టాపులో చూశాను, చాయ్ హోటల్ ముందు చూశాను. కాలేజీ గంట కొట్టినా లోపలికి పోకుండా హిమాయత్‌నగర్ దాకా పోయి చూసి వచ్చాను. ఆకుపచ్చ చీరలు చాలా కనిపించాయి.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ నిద్రపోతోంది. మెట్ల కింద గది తలుపు తెరిచే ఉంది. రోజా చాప మీద కూర్చుని చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఆదివారం నుంచి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను గుమ్మంలో నిలబడ్డాను. లోపలికి పోబుద్ధి కాలేదు.

"వచ్చిందా?" అంది తల ఎత్తకుండా.

"వచ్చింది."

"ఏ చీర?"

"ఆకుపచ్చదే."

"పిల్లను తెచ్చిందా?"

"తెచ్చింది. ఎర్ర టోపీ పెట్టింది. నిద్రపోతున్నట్టుంది."

రోజా ఒక మట్టిగడ్డ ఏరి పక్కన పెట్టింది. "ఎంతసేపుంది?"

"బూతు బంద్ చేసే దాకా."

తన చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

"మళ్ళీ కార్డు రాస్త," అన్నాను. "ఈసారి కాలేజీ దగ్గరికి రమ్మని రాస్త. నేను..."

"వద్దు."

"నేను కావాలని చేయలే రోజా. వేరే లోకం అని రాసిన. ఎవలు గుర్తుపడతరని అనుకోలే."

"నేను గుర్తుపట్టిన," అంది. "చాయ్ తెస్తుంటేనే."

కథలో నీ పేరు నీకు ఇప్పించాలనుకున్నాను, నువ్వు తప్పించుకుపోవాలని రాశాను, ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. వాటిని తనకు చెప్పడానికి మొదటిసారి నాకు సిగ్గు కాకుండా ఇంకేదో అడ్డం వచ్చింది.

రోజా చాట పక్కన పెట్టి లేచింది. గుమ్మం దాకా వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"మీ ఇంట్ల మాసయ్య ఉన్నడు గద. ఆయన సంగతి ఎందుకు రాయలే?"

నేను ఎప్పటిలాగే నేల చూశాను. రోజా కొంతసేపు ఆగింది. జవాబు కోసమే ఆగింది. తర్వాత నా కాలివేళ్ళు గడప మీద ఉన్నాయా అని చూసి, లేవని నిశ్చయించుకుని, తలుపు మెల్లగా వేసి లోపల గొళ్ళెం పెట్టుకుంది.